ముందు అబద్ధాలు మానేసింది: ఇంట్లో ఒక్కతే విశ్వాసి అయిన ఒక నర్సు కేసు

క్రైస్తవ సంఘానికి అనుబంధంగా కౌన్సెలింగ్ చేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో తామొక్కరే క్రైస్తవులైనవాళ్ళు. హాస్టల్లోనో, ఆసుపత్రిలోనో, తోటి ఉద్యోగుల ద్వారానో యేసును తెలుసుకుంటారు. నమ్మడం దగ్గర వాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. నమ్మినట్టు ఇంట్లో బతకడమే కష్టం. వాళ్ళకి చుట్టుపక్కల నుంచి దొరికే సలహాలు రెండే రెండు: 'ఇంట్లోవాళ్ళ మాట విని సర్దుకుపో' అని ఒకటి, 'తెగించి బయటికొచ్చెయ్, దేవుడే చూసుకుంటాడు' అని ఇంకొకటి. ఈ కేసులో రెండూ పనికిరాలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాసింది ఆమె చదివింది, రెండుచోట్ల దిద్దింది, సరే అన్నాకే బయటపెడుతున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమెకి 24 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ చేస్తోంది. సొంతూరు ఒంగోలు ప్రాంతం, పొగాకు పండించే కుటుంబం. ఊళ్ళో నలుగురిలో మాట చెల్లే ఇల్లు. ఇంట్లో అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, నాయనమ్మ. నర్సింగ్ రెండో ఏడాదిలో రూమ్మేట్ రోజూ రాత్రి ప్రార్థన చేసుకోవడం చూసి, ఆమె బైబిలు అడిగి తీసుకుని లూకా సువార్త చదివింది. ఎవరూ బోధించలేదు. చదివింది, మళ్ళీ చదివింది, నమ్మింది. ఆ తర్వాత నాలుగేళ్ళ పాటు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ రోజు పెట్టిన ఒక వాట్సాప్ స్టేటస్‌తో విషయం బయటపడింది. చుట్టాలబ్బాయి ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళన్నయ్యకి పంపాడు. అప్పటికి ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యే దశలో ఉంది. అన్నయ్య హాస్టల్‌కి వచ్చి, ఫోన్ లాక్కుని, అందులో ఉన్న ప్రార్థన గ్రూపులు చూసి చెంప మీద కొట్టాడు. అమ్మ అన్నం మానేసింది. ఈమె భయపడిపోయి, 'ఫ్రెండ్ పెట్టమంటే పెట్టాను, నాకలాంటి నమ్మకాలేం లేవు' అనేసింది. మరుసటి వారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించారు. పీట మీద కూర్చోబెట్టారు, కూర్చుంది. ప్రసాదం పెట్టారు, తింది.

నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకి నిద్ర లేదు. ఇంటి నుంచి ఫోన్ మోగితే చాలు, గుండె దడ. ప్రార్థన చేయబోతే నోరు పెగలడం లేదు. యేసును పట్టుకున్న రాత్రి ఆయన్ని ఎరుగనని మూడుసార్లు అన్న శిష్యుడు పేతురు. మొదటిరోజు ఆమె అన్న మాట ఇది: "అక్కా, నేను పేతురులాగే బొంకాను. పేతురు కనీసం ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రావట్లేదు."

ఆమె కోరింది ఒక్కటే. వచ్చే ఆదివారమే బాప్తిస్మం తీసుకోవాలి, ఇక ఇంటికి వెళ్ళకూడదు. ఆమె వెళ్ళే క్రైస్తవ ఫెలోషిప్‌లో స్నేహితులు అప్పటికే ఆమె కోసం ఒక గది చూసిపెట్టారు.

ముందుగా చూసుకున్నవి

విశ్వాసం సంగతి మాట్లాడే ముందు ప్రాణానికి ప్రమాదం ఉందా లేదా అన్నది చూడాలి. ఇలాంటి కేసుల్లో ఈ వరస తప్పకూడదని నా గట్టి నమ్మకం. అన్నయ్య మళ్ళీ కొడతాడా, బంధించే అవకాశం ఉందా, ఎప్పుడైనా చంపుతామని బెదిరించారా అని సూటిగా అడిగాను. చంపుతామన్న బెదిరింపు లేదు. ఇంటికొస్తే ఉద్యోగం మాన్పించేస్తామన్న మాట ఉంది. 'చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా?' అని కూడా అడిగాను. కొన్ని రాత్రులు అనిపించిందని తల వంచుకుని చెప్పింది. ఆ వారమే సైకియాట్రిస్టుకి చూపించాం. రాత్రివేళ మనసు బాగాలేకపోతే నన్ను గానీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు గానీ పట్టుకోమని చెప్పాను. ప్రార్థన చేస్తే మందులెందుకని సంఘంలో అనేవాళ్ళు ఉంటారు. ఆమె స్వయానా నర్సు కాబట్టి ఆ వాదన మా మధ్య ఎక్కువసేపు నిలవలేదు.

రెండో సంగతి, ఈ నమ్మకం నిజంగా ఆమెదేనా అన్నది. రాజ్యాంగం 25వ అధికరణం నచ్చిన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇస్తోంది. కానీ ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అలా ఉంచి, నాకు నేనుగా కూడా ఇది ముఖ్యమే. ఎవరి మీదో అభిమానంతోనో, పెళ్ళి తప్పించుకోవడానికో తీసుకున్న నిర్ణయమైతే మొదటి దెబ్బకే కూలిపోతుంది. ఈమెను ఎన్నిరకాలుగా అడిగినా చుట్టూ తిరిగి లూకా సువార్తకే వచ్చేది. ఆసుపత్రిలో ఎవరూ చూడటానికి రాని పేషెంట్ల దగ్గర కూర్చునేటప్పుడు ఆ కథలన్నీ గుర్తొస్తాయని చెప్పింది. ప్రేమ వ్యవహారం లేదు, డబ్బు లేదు, మధ్యవర్తి లేరు.

ఎవరికి దేని మీద కోపం

'ఇంట్లోవాళ్ళు వ్యతిరేకిస్తున్నారు' అనేది చాలా పెద్ద మాట. అందులో ఎవరెవరున్నారో, ఎవరికి దేని మీద బాధో విడదీయకపోతే అవతల కనిపించేది ఒకే పెద్ద గోడ. ఒక కాగితం మీద ఒక్కొక్కరి పేరు రాసి, వాళ్ళు నిజంగా అన్న మాటలు మాత్రమే పక్కన రాయమన్నాను. ఈమె ఊహించుకున్నవి వద్దన్నాను.

అన్నయ్య మాటలన్నీ సంబంధం చుట్టూ, ఊళ్ళో పరువు చుట్టూ తిరిగాయి. నాయనమ్మకి ఇంకా ఏమీ తెలియదు. నాన్న పేరు పక్కన ఆమె ఏమీ రాయలేకపోయింది, ఎందుకంటే ఆయన ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. నాన్నంటేనే ఆమెకి అందరికంటే ఎక్కువ భయం. అమ్మ పేరు పక్కన మాత్రం ఒక వాక్యం రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది: "పోయి పోయి ఆ పల్లెవాళ్ళ దేవుణ్ణి పట్టుకొచ్చావా?"

ఈ వాక్యం దగ్గర నేను కొంచెం ఆగాలి. మన ఊళ్ళల్లో క్రైస్తవ మతానికి వ్యతిరేకత అనేదాన్ని చాలామంది దేవుళ్ళ మధ్య గొడవగానే చూస్తారు. చాలా ఇళ్ళల్లో అది కులం గొడవ. ఊరు వేరు, ఊరి చివర దళితులుండే పల్లె వేరు. చర్చి ఉండేది పల్లెలో. ఊళ్ళో అమ్మాయి యేసును నమ్మిందంటే, పల్లెవాళ్ళ పక్కన చాప మీద కూర్చుంటుందని, ఒకే పాత్రలోది పుచ్చుకుంటుందని అర్థం. ఆ తల్లిని భయపెట్టింది అదే. గుడికి వెళ్ళకపోయినా, వ్రతం మానేసినా ఆమె సహించేదేమో. అందుకే ఈమెను నేనొక ప్రశ్న అడిగాను: మీ ఊళ్ళో చర్చికి ఎప్పుడైనా వెళ్ళావా? వెళ్ళలేదు. ఆమె వెళ్ళేదంతా పట్నంలో, చదువుకున్నవాళ్ళుండే ఫెలోషిప్‌కి. పల్లె చర్చి ముందు నుంచి చిన్నప్పటి నుంచీ వందలసార్లు నడిచి ఉంటుంది, లోపల ఎలా ఉంటుందో తెలియదు. ఆ రోజుకి ఆ ప్రశ్నని అక్కడే వదిలేశాను. దానికి ఇంకా సమయం ఉంది.

మొదటి పని

గుండె దడ ఎప్పుడెప్పుడు వస్తోందో కొన్నాళ్ళు రాసిపెట్టమన్నాను. అమ్మ ఫోన్ చేసినప్పుడు, అన్నయ్య మెసేజ్ వచ్చినప్పుడు, వదిన 'ఆదివారం ఏం చేశావ్' అని అడిగినప్పుడు. తిట్లు పడ్డ రోజు కంటే మామూలుగా పలకరించిన రోజే దడ ఎక్కువగా ఉందని ఆ కాగితం చూస్తే తెలిసింది. కారణం వెతికితే దొరికింది. ఆదివారం డ్యూటీ అని అమ్మకి చెప్పింది, ఫ్రెండ్ ఇంట్లో ఫంక్షన్ అని వదినకి చెప్పింది, శనివారం ఉపవాసం ఉంటున్నానని నాయనమ్మకి చెప్పింది. ఎవరికి ఏం చెప్పిందో గుర్తుపెట్టుకోవడమే ఆమెకి ఇరవైనాలుగు గంటల ఉద్యోగమైంది. వ్యతిరేకతకి భయపడి నాలుగేళ్ళుగా అబద్ధాలు అల్లింది. ఇప్పుడు వ్యతిరేకత కంటే ఆ అల్లికే ఆమెను ఎక్కువ పీడిస్తోంది.

కాబట్టి బాప్తిస్మమూ ఇల్లు వదలడమూ పక్కనపెట్టి, ఒక్క పని చేయమన్నాను. ఇక మీదట అబద్ధం చెప్పొద్దు. అన్నీ ప్రకటించనక్కర్లేదు. అడగని విషయం చెప్పనక్కర్లేదు. 'దాని గురించి తర్వాత మాట్లాడతానమ్మా' అని ఆపేయొచ్చు. కానీ నోటి నుంచి వచ్చిన మాట మాత్రం నిజమై ఉండాలి. విశ్వాసానికి సాక్ష్యం ఇవ్వాలంటే వేదిక మీద మైకు పట్టుకోవాలని పిల్లలు అనుకుంటారు. అమ్మ ఫోన్ ఎత్తి నిజం చెప్పడానికి అంతకంటే ఎక్కువ గుండె కావాలి.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ ఎక్కడున్నావని అడిగింది. "చర్చిలో ఉన్నానమ్మా, బయటికొచ్చాక చేస్తాను" అంది. అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ వారమంతా మాట్లాడలేదు. ఈమె నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పేతురు ఏడుపు రావట్లేదన్న పిల్ల ఆ రోజు చాలాసేపు ఏడ్చింది. దడ వెంటనే తగ్గలేదు. మందులూ ఇదీ కలిసి కొన్ని వారాలకి నిద్ర దారికొచ్చింది.

పేతురు, నయమాను, నీకొదేము

మత్తయి 10:33 ఆమె మెడకి ఉరిలా బిగుసుకుంది. మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి నేనూ ఎరుగనంటానన్న ఆ వచనం తనకే రాశారని నమ్మేసింది. మేము ఆ అధ్యాయం మొత్తం చదివాం. ప్రభువు అదే అధ్యాయంలో తోడేళ్ళ మధ్యకి గొర్రెల్లా పంపుతున్నానని చెప్పి, పాముల్లా వివేకంగా ఉండమన్నాడు. ఒక ఊళ్ళో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మన్నాడు. తప్పించుకోవడం వేరు, కాదనడం వేరు అని ఆ అధ్యాయమే చెబుతోంది. ముమ్మారు బొంకిన పేతురే ఆ తర్వాత సంఘానికి కాపరి అయ్యాడు. నిరీక్షణకి కారణమేమిటని అడిగినవాళ్ళకి సాత్వికంతో జవాబు చెప్పమని తన మొదటి పత్రికలో రాసిందీ అతనే. ఒకప్పుడు దాసి అడిగినదానికి ఒట్టు పెట్టుకుని మరీ కాదన్న మనిషి రాసిన మాట అది.

ఆమెను బాగా కదిలించింది మాత్రం నయమాను. కుష్ఠు నయమై ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్మిన ఆ సిరియా సేనాపతి, తన రాజు రిమ్మోను అనే దేవుడి గుడిలో మొక్కేటప్పుడు తన చేతి మీద ఆనుకుంటాడు కాబట్టి తానూ వంగాల్సి వస్తుందని, ఆ విషయంలో యెహోవా తనను క్షమిస్తాడా అని ఎలీషా ప్రవక్తను అడుగుతాడు. ఎలీషా తిట్టలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు. దీన్ని పట్టుకుని ఏదైనా చేసేయొచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ కొత్తగా నమ్మినవాళ్ళని దేవుడు ఎంత ఓపికగా చూస్తాడో తెలియడానికి ఆ రెండు వచనాలు చాలు. యూదుల పెద్ద అయిన నీకొదేము సంగతీ అంతే. యోహాను మూడో అధ్యాయంలో రాత్రిపూట వచ్చాడు, ఏడో అధ్యాయంలో సభలో ఒక న్యాయమైన ప్రశ్న అడిగాడు, పంతొమ్మిదో అధ్యాయంలో అగరు, బోళం మోసుకుని యేసు దేహాన్ని సమాధి చేయడానికి బాహాటంగా వచ్చాడు. ధైర్యం అతనికీ ఒక్కరోజులో రాలేదు.

అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయంలో, యూదుల మహాసభ ముందు తడబడకుండా మాట్లాడి వచ్చిన శిష్యులు ఆ రోజే కూడుకుని ధైర్యం ఇమ్మని ప్రార్థించారు. బెదిరింపులు ఆగిపోవాలని అడగలేదు. అప్పటికే ధైర్యంగా నిలబడినవాళ్ళు మళ్ళీ ధైర్యం అడగడమేమిటి? అంటే భయం పోలేదన్నమాట. భయం ఉండటమే అవిశ్వాసమని ఎవరు చెప్పినా నమ్మొద్దని ఆమెకి చెప్పాను.

బొట్టు, ప్రసాదం

ఇంట్లో బొట్టు పెట్టుకుని బయల్దేరి, బస్సులో చెరిపేసుకుని చర్చికి వెళ్ళడం ఆమెకి అలవాటు. బొట్టు విషయంలో మన సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. నా వరకు చెప్పాలంటే బొట్టు పెట్టుకోవడం క్రీస్తును కాదనడం కాదు. బస్సులో చెరుపుకోవడమే నన్ను కలవరపెట్టింది. ఏదో ఒకటి నిర్ణయించుకుని రెండుచోట్లా అలాగే ఉండమన్నాను. అమ్మ మనసు కుదుటపడేదాకా పెట్టుకుంటానంది, చర్చికీ అలాగే వెళ్ళింది. ఫెలోషిప్‌లో ఒక పెద్దాయన అందరి ముందు మందలించారు. ఆమెకి ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి చాలదన్నట్టు ఇది కూడానా అనిపించి నేనే వెళ్ళి ఆయనతో మాట్లాడాను. కొత్త విశ్వాసి మీద సంఘం మోపే బరువు కూడా వ్యతిరేకతే. దాన్ని మనం ఆ పేరుతో పిలవం, అంతే తేడా.

ప్రసాదం సంగతి వేరు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో, వడ్డించింది ఏమీ విచారించకుండా తినమన్నాడు, ఇది అర్పించింది అని ఎవరైనా చెబితే తినొద్దన్నాడు. ప్రసాదమని చెప్పి పెట్టినదాన్ని తినకూడదని ఆమె నిశ్చయించుకుంది. కానీ పండగనాడు వంటింట్లోంచి బయటికి పోకూడదనీ, అందరికంటే ముందే లేచి పనందుకోవాలనీ కూడా అనుకుంది. ఈ రెండో భాగం ఆమె సొంత ఆలోచనే. 'నేను దేవుణ్ణి మార్చుకున్నాను గానీ అమ్మని మార్చుకోలేదు కదక్కా' అంది.

కాగితాలు, చట్టం, సంబంధం

ధైర్యం గురించి రాసేవాళ్ళు బ్యాంకు పాస్‌బుక్ గురించి రాయరు. నేను రాస్తాను. ఆమె జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు అన్నయ్య దగ్గర ఉంది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, డిగ్రీ సర్టిఫికెట్లు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. అవి లేకుండా ఉద్యోగం మారలేదు, ఎదురు నిలవలేదు. సర్టిఫికెట్లు ఆసుపత్రిలో అడిగారు కాబట్టి తెచ్చుకుంది. అది నిజమే, రెన్యువల్ ఉంది. కొత్త కార్డుకి దరఖాస్తు చేసి, ఇకపై నెలనెలా ఇంటికి తానే డబ్బు పంపుతానని నాన్నకి చెప్పి పంపడం మొదలుపెట్టింది. కొట్టింది అన్నయ్యే అయినా గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం వర్తిస్తుందని, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉందని చెప్పాను. ఫిర్యాదు వద్దంది. అది ఆమె ఇష్టం. దారి ఉందని తెలిసి వద్దనుకోవడానికీ, దారే తెలియక ఊరుకోవడానికీ చాలా తేడా ఉంది. పౌలు కూడా కొరడా దెబ్బలకి కట్టినప్పుడు తాను రోమా పౌరుణ్ణని చెప్పుకున్నాడు, తర్వాత రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు.

'మతం మారితే ఆస్తిలో చిల్లిగవ్వ రాదు' అని అన్నయ్య బెదిరించాడు. ఈ మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదు, 1850 నాటి చట్టమే ఆ సంగతి తేల్చింది. అయితే హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మతం మారాక పుట్టిన పిల్లలకి, వారసత్వం తెరుచుకునే నాటికి వాళ్ళు హిందువులైతే తప్ప, హిందూ బంధువుల నుంచి వారసత్వం రాదు. తండ్రి తన స్వార్జితాన్ని వీలునామాలో ఎవరికైనా రాసుకోవచ్చు. ఇవన్నీ ముందే తెలుసుకుంది.

సంబంధం విషయం మాత్రం ఆగేది కాదు. 'ముందు పెళ్ళి చేసుకో, తర్వాత మెల్లగా ఆయనకి చెప్పుకోవచ్చు' అని ఒక బంధువు సలహా ఇచ్చింది. సంఘంలోనూ ఒకరిద్దరు అలాగే అన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. అది అవతలివాణ్ణి మోసం చేయడం. పైగా, క్రైస్తవుడైన వ్యక్తి హిందూ వివాహ చట్టం కింద చేసుకున్న పెళ్ళి చెల్లదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. విశ్వాసం దాచి తాళి కట్టించుకుంటే రేపు ఆమె కాపురమే ప్రశ్నార్థకమవుతుంది. రెండు కుటుంబాల పెద్దల్లో ఎవరికీ ఇది తెలియదు.

బ్యారన్ దగ్గర

అంటే నాన్నకి చెప్పాలి. అది కూడా అన్నయ్య ద్వారా కాకుండా ఆమే చెప్పాలి. ఏం మాట్లాడాలో నాతో చాలాసార్లు చెప్పి చూసుకుంది. మొదట్లో నాన్న అడగబోయే ప్రతి ప్రశ్నకీ వచనం చెప్పేది. వచనాలు తీసేయమన్నాను. చివరికి మిగిలింది: నేను యేసును నమ్మాను, ఇది ఎవరూ బలవంతపెట్టింది కాదు, ఇన్నాళ్ళు దాచినందుకు క్షమించు, నేను నీ కూతుర్నే.

ఎక్కడ చెప్పాలన్నది ఆమే ఎంచుకుంది. పొగాకు క్యూరింగ్ జరిగే రోజుల్లో ఆయన రాత్రిళ్ళు బ్యారన్ (ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గది) దగ్గరే ఉంటాడు, వేడి హెచ్చుతగ్గులు చూసుకోవాలి కాబట్టి నిద్రపోడు. క్యారియర్ తీసుకుని తానే వెళ్ళింది. ఆయన భోజనం అయ్యేదాకా ఆగింది. చెప్పింది. ఆయన చాలాసేపటికి అడిగిన మొదటి ప్రశ్న దేవుడి గురించి కాదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళు నాన్నా."

"నాలుగేళ్ళు నాకు అబద్ధం చెప్పావా?"

ఆ రాత్రి ఆయన్ని నొప్పించింది అదే. ఇక అబద్ధం చెప్పనని ఆమె చెప్పింది. సంబంధం వాళ్ళకి ఏం చెప్పాలని అడిగితే, నిజమే చెప్పమంది. బాప్తిస్మం అదీ ఇప్పుడు పెట్టుకోకు, ముందు మీ అమ్మని చూసుకో అన్నాడాయన. ఇప్పుడు తీసుకోను, ఎప్పటికీ తీసుకోనని మాత్రం చెప్పలేను నాన్నా అంది. దానికి ఆయన జవాబివ్వలేదు.

సంబంధం పోయింది. ఆ తర్వాతి వారాలే అన్నిటికంటే గడ్డువి. మేనమామ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఇంటి ఇలవేల్పు పటం ముందు ప్రమాణం చేయమన్నాడు. ఆ రోజు ఆమె వెళ్ళే ముందే ఏర్పాట్లు చేసుకున్నాం. పక్క టౌన్‌లో సంఘంలో ఒకామె సిద్ధంగా ఉంది, ఫలానా టైముకి ఫోన్ రాకపోతే మేము పోలీసులకి 112కి చేస్తామని అనుకున్నాం. ఆమె ప్రమాణం చేయలేదు. తిట్టలేదు, వాదించలేదు. "మామయ్యా, మీరు పెద్దవాళ్ళు, ఏ పని చెప్పినా చేస్తాను. ఇది ఒక్కటి చేయలేను" అని కూర్చుంది. ఒకాయన చెయ్యెత్తబోతే ఆపింది నాన్నే. "అది అబద్ధం చెప్పట్లేదు కదా, వదిలేయండి" అన్నాడని ఆమె తర్వాత నాకు చెప్పింది.

పల్లె చర్చి

నేను అడిగి వదిలేసిన ప్రశ్నని ఆమే మళ్ళీ తీసింది. సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ఆదివారం ఎక్కడికి వెళ్ళాలి? పల్లె చర్చికే వెళ్ళాలనుకుంది. ఇక్కడ నేను ఆపాను, ఆమె కోసం కాదు. ఆమె అక్కడికి వెళ్తే వచ్చే కోపం ఆమె మీద కాకుండా పల్లె మీద పడుతుంది. పిల్లని పాడుచేశారని పాస్టర్ మీద పడతారు, కూలి పనులు ఆపేస్తారు. మన ధైర్యానికి వేరేవాళ్ళు మూల్యం చెల్లించాల్సి వచ్చేటప్పుడు వాళ్ళని అడగకుండా అడుగు వేయకూడదు. ముందు ఆ పాస్టర్ అయ్యగారిని, సంఘ పెద్దల్ని కలిసి అడగమన్నాను.

అయ్యగారు నిజంగానే భయపడ్డారు, దాచకుండా చెప్పారు కూడా. రెండు వారాలు టైము అడిగి పెద్దలతో కూర్చున్నారు. రమ్మనమని తేల్చి చెప్పింది ఆ సంఘంలో ఒక ముసలమ్మ. వాళ్ళ తాతల కాలం నుంచీ ఇలాంటివి పడ్డామని ఆమె అందట.

అది ఆ ముసలమ్మ ఊరడింపు మాట మాత్రమే కాదు, ఆ నేల చరిత్ర. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకి వచ్చాడు. తోలు వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పెరయ్య అదే ఏడాది బాప్తిస్మం పొందాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అన్నవి ఆ విశ్వాసులు పట్టుకున్న మూడు కట్టుబాట్లు. విశ్వాసులైన మాదిగలు జాతరలో డప్పు కొట్టనన్నా, ఆదివారం చేలోకి రాకపోయినా ఊరి పెద్దలు ఊరుకోలేదు. పని పోయింది, దెబ్బలు పడ్డాయి, నీళ్ళ దగ్గర కూడా అడ్డుకున్నారు. భూమి, చదువు, పలుకుబడి ఏమీ లేనివాళ్ళు అది భరించారు. కరువు వెనకపట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ చరిత్ర ఆమెకి నేను చెప్పేదాకా తెలియదు. పట్నం ఫెలోషిప్‌లో హతసాక్షుల కథలు చాలా విన్నది, అన్నీ దూరదేశాలవి. ధైర్యం నేర్చుకోవాల్సినవాళ్ళు తన ఊరి చివరే ఉన్నారని అప్పుడు తెలుసుకుంది.

వెళ్ళింది. వెనక వరసలో చాప మీద కూర్చుంది. కుర్చీ తెచ్చి వేస్తే వద్దంది. ఊళ్ళో గొడవ జరిగింది, అన్నయ్య చర్చి ముందు నిలబడి కేకలేశాడు. ఇద్దరు కూలీలని ఒక ఆసామి పనిలోంచి మాన్పించాడు. వాళ్ళకి ఆ సీజను మేము కొంత సాయం చేయగలిగాం, పూర్తిగా పూడ్చలేకపోయాం. ఈ లెక్క కూడా ఈ కేసులో భాగమే.

ఇప్పుడు

ఏడాది దాటాక, తేదీ నాన్నకి ముందే చెప్పి బాప్తిస్మం తీసుకుంది. పల్లె సంఘంలోనే తీసుకుంది. ఆయన రాలేదు, ఆపలేదు. అన్నయ్య ఆమెతో మాట్లాడటం లేదు. అమ్మ మాట్లాడుతుంది గానీ కూతురు పల్లె నుంచి వచ్చాక స్నానం చేస్తే తప్ప వంటింట్లోకి రానివ్వదు. ఈమె స్నానం చేసి వెళ్ళదు, వసారాలో కూర్చుని కూరగాయలు తరుగుతుంది. ఆ స్నానం దేనికో తెలిసి కూడా చేస్తే, తన పక్కన కూర్చున్నవాళ్ళని అంటరానివాళ్ళని ఒప్పుకున్నట్టేనని ఆమె వాదన. నేను ఆ వాదనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తల్లీకూతుళ్ళ మధ్య ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను.

సైకియాట్రిస్టు మందులు నెమ్మదిగా తగ్గించి ఆపేశారు. దడ అప్పుడప్పుడూ వస్తుంది, ముఖ్యంగా ఇంటికి బయల్దేరే ముందు. వచ్చినా బస్సెక్కుతుంది. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకునేది పెళ్ళి గురించి. సంఘంలో వచ్చిన ఒక సంబంధం అబ్బాయి పల్లె కుర్రాడు. తనకి ఇష్టమేనంది. నాన్నకి ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాం, అబ్బాయి కుటుంబానికి వచ్చే ప్రమాదం గురించి వాళ్ళతోనే కూర్చుని మాట్లాడుతున్నాం. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెడతారు కాబట్టి, ఇద్దరూ క్రైస్తవులే అయినందున 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చేసుకోవడమే మంచిదా అని లాయరుని అడిగాం. ఎలా చేసుకున్నా, నాన్నకి ముందు చెప్పకుండా మాత్రం చేసుకోనని ఆమె షరతు పెట్టింది.